జారిన చాదర్: యోగా కింద పరిచే చాప వెనకున్న చరిత్ర

చాలా రోజుల తర్వాత మళ్లీ పొడుగు పోస్టుతో వచ్చాం. తీరిక ఉన్నప్పుడు చదవండి. చివరిదాకా వచ్చినవాళ్లకు ఒక పని కూడా ఉంది.

మన సమాజం మంగళ కార్యాలయంలో పొద్దున ఆరింటికి ఆడవాళ్ల కోసం యోగా తరగతి మొదలుపెట్టిన సంగతి మీలో చాలామందికి తెలుసు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది బీడీలు చేసే అవ్వలు, అక్కలు. ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరిస్తూ, రోజుకు ఎనిమిది గంటలు, పది గంటలు నేల మీద వంగి కూర్చునే మనుషులు. నడుం పట్టేసింది, మెడ తిరగడం లేదు, మోకాలు లేవడం లేదు అని ఏళ్లుగా వింటున్నాం. అందుకే ఈ తరగతి.

పరవడానికి ఏం తేవాలి అన్న ప్రశ్న వచ్చినప్పుడు మేమంతా ఒక్క మాటగా అన్నాం: షోలాపూర్‌లో ఉండి చాప కొనడమేంటి? మన మగ్గాల చాదర్ ఉండగా! నెమళ్ల జకార్డు డిజైన్‌వి, మంచి బరువున్నవి ముప్పై చాదర్లు తెచ్చి, కొత్తగా వేసిన మెరిసే టైల్స్ మీద వరసగా పరిచాం. చూడ్డానికి పెళ్లి బంతిలా ఉండింది. ఫోటోలు తీసి గ్రూపులో పెట్టాం, మీరు లైకులు కూడా కొట్టారు.

మూడో రోజు త్రికోణాసనం. కాళ్లు రెండూ ఎడంగా పెట్టి పక్కకు వంగాలి. అరవై దాటిన ఒక అవ్వ అలా వంగబోతుంటే కాలి కింది చాదర్ మనిషితో సహా పక్కకు వెళ్లిపోయింది. పడకుండా ఆపుకోవాలని కుడిచెయ్యి నేలకు ఆనించింది. మణికట్టు దగ్గర ఎముక విరిగింది. ఆరు వారాలు ప్లాస్టర్.

బీడీ కూలి వెయ్యి బీడీల లెక్కన వస్తుందని వేరే చెప్పక్కర్లేదు. కుడిచెయ్యి లేకపోతే చాటలో ఒక్క బీడీ లేదు. తప్పు మాదే. అవ్వ మాత్రం ఆస్పత్రిలో మమ్మల్నే ఊరడించింది. "మన చాదరే గద బిడ్డా, మనల్ని పడేస్తదా అనుకున్న" అంది. ఆ మాట మమ్మల్ని నెల రోజులు నిద్రపోనియ్యలేదు.

తర్వాత జరిగిన మీటింగులో రెండు పక్షాలు. ఒక పెద్దాయన, "మన రుషులు రబ్బరు చాపలు కొనుక్కుని యోగా చేశారా? అదంతా బయటి దేశాల ఫ్యాషన్, నేల మీదే చేయిద్దాం" అన్నారు. కుర్రవాళ్లు, "చాదర్లన్నీ తీసి పారేసి ఆన్‌లైన్‌లో మ్యాట్లు తెప్పిద్దాం" అన్నారు. ఇద్దరి మాటల్లోనూ సగం సగం నిజం ఉన్నట్టు అనిపించింది. అందుకే కూర్చుని చదివాం, అడిగాం, వెతికాం. తేలింది ఇది.

ముందుగా మాట సంగతి. 'ఆసనం' అంటే మొదట కూర్చునే చోటు, కూర్చునేందుకు వేసుకునేది. పూజకు కూర్చునే ముందు మన ఇళ్లలో ఇప్పటికీ "ఆసనం వెయ్యి" అంటారు కదా, ఆ అర్థమే అసలుది. ఒంటిని వంచి నిలిపే భంగిమకు ఆ పేరు తర్వాత అంటుకుంది. అంటే కింద పరిచేదీ పైన చేసేదీ ఒకే మాట. రుషులకు చాప లేదు అనే పెద్దాయనకు ఇదే మా మొదటి జవాబు. భగవద్గీత ఆరో అధ్యాయంలో ధ్యానానికి కూర్చునే చోటు ఎలా ఉండాలో వివరంగా ఉంది: శుభ్రమైన చోటు, కదలని ఆసనం, మరీ ఎత్తు కాదు, మరీ పల్లం కాదు, దర్భ, దాని మీద జింక చర్మం, దాని మీద గుడ్డ. మూడు పొరలు! ఇవాళ్టి దుకాణాల్లో 'త్రీ లేయర్ మ్యాట్' అని అమ్మేవాళ్లు కొత్తగా కనిపెట్టిందేమీ లేదు.

ఆ మూడు పొరలూ ఎందుకో చూడండి. దర్భ నేల తడిని, చలిని పైకి రానివ్వదు. చర్మం గడ్డిని కదలకుండా అదిమి పెడుతుంది. గుడ్డ ఒంటికి గుచ్చుకోకుండా ఉంటుంది. భూమి మన శక్తిని లాగేసుకుంటుందని, అందుకే నేరుగా నేల మీద కూర్చోకూడదని పెద్దలు చెబుతారు. మేము దాన్ని కొట్టిపారేయం, వాదించం కూడా. పుష్యమాసంలో తెల్లవారుజామున బండ నేల మీద పావుగంట శవాసనం వేసి లేవండి, భూమి మీ ఒంట్లోంచి ఏం లాగేసుకుందో మీ నడుమే చెబుతుంది.

కానీ గమనించాల్సింది ఒకటుంది. ఆ చాప కూర్చునేవాడి కోసం. నిలబడి కాళ్లు ఎడం చేసేవాడి కోసం కాదు. 15వ శతాబ్దం నాటి హఠయోగ ప్రదీపికలో వివరించిన ఆసనాలు 15. పద్మాసనం, సింహాసనం, పశ్చిమతానం, ధనురాసనం, మయూరాసనం, శవాసనం... ఆ పదిహేనింటిలో నిలబడి చేసేది ఒక్కటీ లేదు. ఆ తర్వాత వచ్చిన ఘేరండ సంహితలో 32 ఉన్నాయి, అందులో ఒంటికాలి మీద నిలిచే వృక్షాసనం కనిపిస్తుంది. అయినా ఎక్కువ భాగం కూర్చునేవే. కూర్చున్న మనిషి కింద గుడ్డ ఎక్కడికి జారుతుంది? బరువంతా దాని మీదే ఉంటుంది కదా. అందుకని పాత గ్రంథాల చాపకు మెత్తన, పొడి, వెచ్చన, శుద్ధి ఉంటే చాలు. పట్టు అనే గుణం అడగాల్సిన అవసరమే రాలేదు.

నిలబడి, దూకి, వంగి చేసే కసరత్తు మన దేశంలో లేదని కాదు. అది తాలీముల్లో ఉండింది. మన షోలాపూర్ పేటల్లో మన తాతలు, ముత్తాతలు చాలామంది తాలీముకు వెళ్లినవాళ్లే. అక్కడ కింద ఏముంటుంది? తవ్వి మెత్తగా చేసి, నూనె, పసుపు, మజ్జిగ కలిపిన ఎర్రమట్టి. కాలి వేళ్లు దిగబడతాయి, పడితే దెబ్బ తగలదు. ఆ మట్టే చాప. మనకు అంత దూరం కాని ఔంధ్ సంస్థానం రాజు భవాన్‌రావు పంత్ ప్రతినిధి 1920లలో సూర్యనమస్కారాలను బడి పిల్లల దాకా తీసుకెళ్లాడు. 1924లో స్వామి కువలయానంద లోణావళాలో కైవల్యధామ పెట్టి, ఆసనాలు వేసినప్పుడు ఒంట్లో ఏం జరుగుతుందో పరికరాలతో కొలవడం మొదలుపెట్టాడు. ఇవాళ ప్రపంచమంతా చేసే యోగా తయారవుతున్న రోజుల్లో మన మహారాష్ట్ర గడ్డ కూడా ఒక వంటిల్లే. ఈ సంగతి మనవాళ్లకు తక్కువ తెలుసు, అందుకే చెబుతున్నాం.

రెండో వంటిల్లు మైసూరు. నాలుగో కృష్ణరాజ ఒడయార్ అండతో తిరుమలై కృష్ణమాచార్య 1933లో జగన్మోహన ప్యాలెస్‌లో యోగశాల నడపడం మొదలుపెట్టారు. పిల్లలకు నేర్పాలి, చూసేవాళ్లను ఆకట్టుకోవాలి. కూర్చునే ఆసనాలతో పాటు నిలబడి చేసేవి, ఒకదాని నుంచి ఒకదానికి దూకి వెళ్లేవి అక్కడ బలంగా ముందుకొచ్చాయి. అక్కడ తయారైన ఇద్దరు శిష్యులు తర్వాత ప్రపంచానికి గురువులయ్యారు. ఒకరు మైసూరులోనే ఉండిపోయిన పట్టాభి జోయిస్. రెండోవారు బి.కె.ఎస్. అయ్యంగార్. కోలారు జిల్లా బెళ్లూరులో 1918లో పుట్టి, 1937లో గురువు పంపితే పుణెకు వచ్చి, చివరిదాకా అక్కడే ఉన్నారు.

అయ్యంగార్ 'లైట్ ఆన్ యోగా' 1966లో లండన్‌లో అచ్చయింది. అందులో ఆసనాల వరస తాడాసనం, వృక్షాసనం, త్రికోణాసనంతో మొదలవుతుంది. అంటే 15వ శతాబ్దపు పుస్తకంలో లేని నిలబడే ఆసనాలు ఇక్కడ మొదటి పాఠం అయ్యాయి. మరి కింద ఏం వేసుకోమన్నారు? చదునైన నేల మీద మడతపెట్టిన దుప్పటి. అంతే. యోగా మ్యాట్ అన్న వస్తువు అప్పటికి దుకాణాల్లో లేదు.

ఇక్కడే చిక్కు. త్రికోణాసనంలో రెండు పాదాల మధ్య మూడు, మూడున్నర అడుగుల ఎడం. ఆ ఎడంలో ఒంటి బరువు కిందికి మాత్రమే పోదు, రెండు పాదాలనూ చెరో పక్కకు తోస్తూ ఉంటుంది. నిచ్చెన గోడకు మరీ ఏటవాలుగా వేస్తే కింది కాళ్లు జారినట్టు. నేల పట్టుకుంటేనే మనిషి నిలుస్తాడు. నేల పట్టుకోకపోతే తొడ లోపలి కండరాలు ఆ పనంతా తామే చేస్తూ బిగుసుకుంటాయి, ఆసనం వల్ల రావాల్సిన సాగుదల రాదు, అలసట మాత్రం వస్తుంది. ఇంకా జారితే మా అవ్వకు జరిగింది జరుగుతుంది.

మన పాత నేలల మీద ఈ చిక్కు పెద్దగా తెలియలేదు. యోగా సముద్రం దాటినప్పుడు తెలిసింది. అక్కడ పాలిష్ పట్టిన చెక్క నేలలు, లేదా కాలి కింద కదిలే కార్పెట్లు. అయ్యంగార్ దగ్గర నేర్చుకున్న ఏంజెలా ఫార్మర్ అనే ఇంగ్లండు టీచరుకు చిన్న వయసులో జరిగిన ఆపరేషన్ వల్ల అరచేతులకు, అరికాళ్లకు చెమట పట్టేది కాదు. కొద్దిపాటి చెమట చర్మానికి పట్టునిస్తుంది, పుస్తకం పేజీ తిప్పేటప్పుడు వేలు తడి చేసుకున్నట్టు. ఆమెకు ఆ తడి లేదు, ఎక్కడ నిలబడ్డా జారడమే. జర్మనీలో పాఠం చెబుతుండగా, కార్పెట్ జారకుండా దాని కింద వేసే పల్చటి నురగ పొర ఆమె కంట పడింది. ఒక ముక్క కోసుకుని దాని మీద నిలబడింది. జారలేదు. ఇంగ్లండుకు తీసుకెళ్తే విద్యార్థులంతా మాకూ కావాలన్నారు. ఆమె తండ్రి ఆ ఫ్యాక్టరీ వాళ్లతో మాట్లాడి తెప్పించి అమ్మడం మొదలుపెట్టాడు. తర్వాత అమెరికాలో దాన్ని ఇంకా గట్టిగా, చిరగకుండా యోగా కోసమే తయారు చేశారు. ఇవాళ 24 అంగుళాల వెడల్పు, 68 అంగుళాల పొడవుతో చుట్ట చుట్టి చంకన పెట్టుకు వెళ్లే మ్యాట్ పుట్టుక ఇదీ.

చూశారా, అది కార్పెట్ కింద దాక్కోవాల్సిన వస్తువు. గుడ్డ జారకుండా ఆపడమే దాని అసలు ఉద్యోగం. నేత పని చేసిన మనకు ఇది వెంటనే తట్టాల్సింది. తట్టలేదు.

ఇప్పుడు మన నేలల దగ్గరికి వద్దాం. 19వ శతాబ్దంలో మన పద్మశాలి కుటుంబాలు తెలంగాణ నుంచి నడిచీ, బండ్ల మీదా ఈ ఊరికి వచ్చినప్పుడు, 1877లో జూనీ మిల్లు నిలిచి మిల్లు కూలికి మరింతమంది చేరినప్పుడు, ఇళ్లలో పేడతో అలికిన మట్టి నేల. కాలికి మంచి పట్టు. తర్వాత నాలుగు డబ్బులు వచ్చినవాళ్లు షహాబాదు ఫరశీ వేయించుకున్నారు. ఆ బూడిద రంగు బండ గరుకుగా ఉండేది, చలికాలం చల్లగా కరిచేది, కానీ కాలు జారనిచ్చేది కాదు. దాని మీద చాదర్ పరిస్తే గరుకుకు గరుకు అతుక్కునేది. ఆ తర్వాత మొజాయిక్, ఆపైన పాలిష్ గ్రానైట్, ఇప్పుడు అద్దంలా మెరిసే విట్రిఫైడ్ టైల్స్. గుడ్డ మారలేదు, కింద నేల మారిపోయింది. "మా అమ్మమ్మ చాదర్ మీదే అన్నీ చేసేది" అనే మాట నిజమే, కానీ అమ్మమ్మ చాదర్ కింద టైల్ లేదు. మేము తొందరపడి చూడనిది ఇదే.

ఇంకో మాట. సభల్లో ఫ్లెక్సు బ్యానర్లు తిరగేసి పరిచి యోగా చేయిస్తారు కదా, అది చాదర్ కంటే ప్రమాదం. ఫోటో బాగానే వస్తుంది.

మరి చాప చేసే పని పట్టు ఒక్కటేనా? మన అవ్వల విషయంలో ఇంకా ఉంది. మార్జాలాసనంలో మోకాళ్ల మీద నిలబడాలి. అరిగిన మోకాలి చిప్పకూ టైల్‌కూ మధ్య ఏమీ లేకపోతే రెండో నిమిషానికే లేచి వెళ్లిపోతారు, మరుసటి రోజు రారు. అరచేతుల మీద బరువు వేసే ఆసనాల్లో మణికట్టుకు దన్ను కావాలి. అలాగని మరీ మందంగా, పరుపులా ఉండే నురగ చాపలు మంచివి కావు. అరచెయ్యి మడమ లోపలికి కూరుకుపోయి మణికట్టు ఇంకా ఎక్కువ వంగుతుంది, ఒంటికాలి మీద నిలబడితే మడమ ఊగుతుంది. నాలుగు నుంచి ఆరు మిల్లీమీటర్ల మందం చాలు, మోకాలికి కావాలంటే అక్కడ మాత్రం గుడ్డ మడత వేసుకోవచ్చు. ఎవరి చాప వాళ్లకు ఉంటే చెమట, తామర లాంటివి ఒకరి నుంచి ఒకరికి అంటవు.

ఇక కూర్చునే ఆసనాల సంగతి మన బీడీ అక్కలకు మేము చెప్పేదేముంది? వాళ్లు గోనెసంచి నాలుగు మడతలు వేసి పిరుదుల కింద పెట్టుకుంటారు, కాళ్ల కింద పెట్టుకోరు. ఎందుకక్కా అంటే, "గట్ల కూసుంటే నడుం ఇరగది" అంటారు. పుణెలో అయ్యంగార్ పద్ధతిలో కూర్చునే ఆసనాలకు మడత దుప్పటి పెట్టించేదీ సరిగ్గా అక్కడే. తుంటి కొంచెం లేస్తే వెన్ను దానంతట అదే నిటారు అవుతుంది. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారని కాదు. నేల మీద బతికిన ఒళ్లు కనుక్కునే సంగతులు కొన్ని ఉంటాయి.

ప్లాస్టిక్ చాప అంటే విముఖత ఉన్న పెద్దాయన మాటలో నిజం ఎక్కడుందంటే, మామూలుగా చవకగా దొరికే మ్యాట్ పీవీసీది. కొత్తలో ఒక వాసన, పాడైతే చెత్తకుప్పలో ఎన్నేళ్లయినా మట్టిలో కలవదు. పైగా మన షోలాపూర్ ఎండల్లో చెమట ధారలు కారితే ఆ జారని చాపే జారుతుంది, నీళ్లను పీల్చుకోదు కాబట్టి. మైసూరులో పట్టాభి జోయిస్ సంప్రదాయంలో చెమట చిందేలా సాధన చేసేవాళ్లు దీనికి ఎప్పుడో దారి వెతుక్కున్నారు. కింద రబ్బరు చాప, పైన మందపాటి నూలు రగ్గు. దాన్ని ప్రపంచమంతా 'మైసూర్ రగ్' అనే అంటారు. నూలు చెమటను పీల్చుకుంటుంది, కొంచెం తడిస్తే ఇంకా పట్టు ఇస్తుంది. మొదలుపెట్టే ముందు కొందరు చేతుల దగ్గర, కాళ్ల దగ్గర నాలుగు నీటి చుక్కలు చల్లుకుంటారు. రగ్గు కింద జారకుండా ఆపే బాధ్యత రబ్బరుది.

అంటే మీటింగులో కొట్లాడుకున్న రెండు పక్షాలనూ మైసూరు వాళ్లు ఒకదాని మీద ఒకటి పరిచారు.

ఇప్పుడు మేము చేసింది చెబుతాం. సమాజం డబ్బుతో సహజ రబ్బరు చాపలు ఇరవై కొన్నాం. కొత్తవాటి మీద ఉండే నున్నటి పొర పోయేదాకా తడిగుడ్డతో తుడిచి నీడలో ఆరేశాం. ఒక్కొక్క దాని మీద కాలు పెట్టి గట్టిగా ముందుకు తోసి చూశాకే తరగతికి ఇచ్చాం. నిలబడే ఆసనాలు చెప్పులు, సాక్సులు లేకుండా నేరుగా రబ్బరు మీద. పడుకునేవి, కూర్చునేవి ఎవరి ఇంటి చాదర్ వాళ్లు తెచ్చుకుని పైన వేసుకుని. అరవై దాటినవాళ్లు గోడ పక్కన. మిగతా పది చాపలకు చందా ఇంకా పోగవుతోంది.

అవ్వ ప్లాస్టర్ తీసేశారు. వేళ్లు ఇంకా పూర్తిగా ముడుచుకోవడం లేదు, ఫిజియోథెరపీ నడుస్తోంది. పని లేని ఆ వారాల కూలిలో కొంత సమాజం తరఫున ఇచ్చాం, అది సరిపోయే డబ్బు కాదని మాకు తెలుసు. మొన్న తరగతికి వచ్చింది. చాప మీదికి ఎక్కకుండా ముందు బొటనవేలితో తోసి చూసింది, రెండుసార్లు. తర్వాత ఎక్కి కూర్చుంది. "నిలబడుడు రేపు జూద్దాం" అంది.

ఇక పని సంగతి. మనలో పవర్‌లూమ్ ఉన్న ఒక తమ్ముడు రెండున్నర అడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవుతో మందపాటి నూలు గుడ్డ నమూనాగా నేస్తున్నాడు. పూల డిజైన్ లేకుండా, అడ్డంగా గీతలు తేలేలా, కాలికి గరుకు తగిలేలా. దానికి అడుగున రబ్బరు పూత ఎలా పట్టించాలి, ఉతికితే ఊడకుండా ఏం చేయాలి అన్నది మాకు అంతుపట్టడం లేదు. డైయింగ్, కోటింగ్ పనుల్లో ఉన్నవాళ్లు, రబ్బరు కార్ఖానాలు తెలిసినవాళ్లు ఆదివారం పొద్దున పదింటికి మంగళ కార్యాలయానికి రండి. మీ ఇంట్లో పాత చాదర్ ముక్క ఉంటే ఒకటి వెంట తెచ్చుకోండి, పూత వేసి చూడ్డానికి పనికొస్తుంది.